పలక ధరకే పలక

నెల్లిమర్ల అప్పన్న మేస్త్రి గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొన్న గురువారం ఉదయం పిల్లలకు సంగీత పాఠం చెబుతుండగా నా తమ్ముడు బస్సు స్టాండు నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అక్కా, మేస్త్రి గారు నిన్న గోతిలో పడి చనిపోయారట" అన్నాడు. పిల్లలు పాడుతూనే ఉన్నారు. ఆపమని చెప్పాలన్న స్పృహ నాకు లేదు. తూము కోసం రోడ్డు పక్కన తవ్విన గొయ్యి అది. వారం రోజులుగా ఊరంతా దాన్ని తప్పుకుని నడుస్తోంది. పట్టపగలు, నడినెత్తి ఎండలో, ఆయన తిన్నగా నడిచి వెళ్లి అందులో పడ్డారు. తలకు రాయి తగిలింది. ఆస్పత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయింది.

ఆయనను ఎరగని వారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. నాకు తొమ్మిదో ఏట మశూచికంతో చూపు పోయింది. మద్రాసులో చుక్కల లిపి నేర్చుకుని విజయనగరం తిరిగి వచ్చి, నాలాంటి వారికి మా ఇంట్లోనే సంగీతమూ ఆ లిపీ నేర్పుతున్నాను. ఆ లిపి రాయడానికి రెండు రేకుల పలక ఉంటుంది. పై రేకుకు కిటికీలు, కింది రేకులో ఒక్కో కిటికీకి ఆరేసి గుంటలు. నడుమ దళసరి కాగితం పెట్టి గంటంతో గుచ్చితే వెనక చుక్కలు లేస్తాయి. ఆ చుక్కలే మా అక్షరాలు.

ఎనిమిదేళ్ల క్రితం నా పలక కీలు విరిగింది. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరు ఒకాయన ఏదైనా బాగు చేస్తాడని విని తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఆయన కీలు అతికి, పలక అటూ ఇటూ తిప్పి, "ఇది ఎంతకి కొన్నావమ్మా?" అని అడిగారు. పదిహేను రూపాయలన్నాను. "మా మనవడి పలక ముప్పావలా. గుడ్డోల పలకకి పదిహేనా? ఏటి, బంగారం పోసినారా దీన్లో?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు మాత్రం నిజంగానే కోపం వచ్చింది.

ఆ కోపంలోనుంచే మొదటి పలక పుట్టింది. పాతసామాన్ల రేకు కొని, సాయంత్రాలు కూర్చుని గుంటలు కొట్టి తెచ్చారు. వేలు పెట్టి చూస్తే ఒక్కో అక్షరం అట్లకాడంత ఉంది. మిల్లులో ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసి కాయలు కాచిన చేతులాయనవి. ఆయన వేలికి తెలియాలంటే చుక్క ఆ మాత్రం ఉండాలి మరి. "మేస్త్రి గారూ, దీని మీద ఉత్తరం రాయాలంటే దుప్పటంత కాగితం కావాలి" అన్నాను. ఆయన ఏమీ చిన్నబుచ్చుకోలేదు. నా చూపుడు వేలి కొసను కొలిచే పనిముట్టుతో మూడుసార్లు కొలుచుకుని వెళ్లారు. రెండో పలక మద్రాసు పలకకు ఏమీ తీసిపోలేదు.

దాని ధర ముప్పావలా. కొట్లో చూపున్న పిల్లల పలక ధర ఎంతో ఇదీ అంతే. ఏటా బడులు తెరిచే ముందు ఆయన పనిగట్టుకుని కొట్టుకు వెళ్లి పలక ధర అడిగి వచ్చేవారు. అక్కడ అయిదు పైసలు పెరిగితే ఇక్కడా అయిదు పైసలు పెంచేవారు. "సూపున్నోడి పలకెంతో సూపు లేనోడి పలకా అంతే. ఎక్కువ తీసుకోను, ఊరికే ఇవ్వను" అన్నది ఆయన శాసనం.

ఊరికే ఎందుకు ఇవ్వరని ఒక ధాన్యం వర్తకుడు ఆయనతో వాదించాడు. పాతిక పలకలు తానే కొని, సభ పెట్టి పంచుతానన్నాడు. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. "దండేసి ఇచ్చినదాన్ని తిరిగి తెచ్చి ఎవుడైనా తిట్టగలడేటి బాబూ? ముప్పావలా ఎట్టినోడైతే నా గుమ్మంలో నిలబడి, ఏటి మేస్త్రీ, ఇలా సేసినావు అని దెబ్బలాడతాడు. ఆ దెబ్బలాట నాకు కావాల" అన్నారు.

కోటబొమ్మాళి నుంచి ఒక రైతు రైలెక్కి వచ్చాడు. నడివయసులో చూపు పోయినవాడు. పలక తడిమి చూసి, "అర్ధరూపాయికియ్యి మావా" అని బేరం మొదలుపెట్టాడు. గంట సేపు బేరం సాగింది. మేస్త్రి గారు ఒక్క పైసా తగ్గలేదు, కానీ మూడు రోజులు ఆ సంతోషంలోనే ఉన్నారు. "అందరిలాగే బేరమాడినాడమ్మా" అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి చెప్పాలి. ఏడాదిగా ఆయన పలకల్లో మూడో వరుస వంకర పోతోంది. నా వేలికి అది మొదటి రోజే తెలిసింది. అడిగితే "గుంటలు కొట్టే ఉలి అరిగిపోనాదమ్మా, మార్సుతాను" అన్నారు. ఉలి అరిగితే గుంట లోతు తగ్గుతుంది, వరుస వంకర పోదు. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. ఆయనకు చూపు మందగిస్తోందని ఆ క్షణాన ఈ లోకంలో నాకు ఒక్కదానికే తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. నా దగ్గర ముగ్గురు పిల్లలు పలకల కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన పని మానేస్తే మాకు మళ్లీ పదిహేను రూపాయల పలకే గతి.

పోయారన్న కబురు తెలిసిన మరునాడు ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పైడితల్లి గారు నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పారు. "దసరాల్లో కళ్లద్దాల కొట్టుకి ఎల్లినాడమ్మా. మామూలు అద్దాలు ఎనిమిది రూపాయలంట. ఈయనకి దళసరివి కావాల, ముప్పై అయిదంట. సూపు తగ్గినోడి దగ్గరే ఎక్కువ గుంజుతారేటి అని ఆడితో దెబ్బలాడి లేసొచ్చేసినాడు. డబ్బులు జేబులోనే ఉన్నాయి. మళ్లీ ఎల్లమంటే, ధర దిగితే ఎల్తాను అన్నాడు."

మేస్త్రి గారూ, మీ మీద నాకు కోపంగా ఉంది. ధర అన్యాయమే. కాదని ఎవరన్నారు? ఆ అన్యాయపు ధర వాళ్ల ముఖాన పారేసి, అద్దాలు పెట్టుకుని, ఇంటికొచ్చి వాళ్లను తిట్టి ఉండవలసింది. మా అందరికీ పలక ధరకే పలక ఇచ్చిన మహానుభావులు, మీ కళ్లకు మాత్రం ఆ మాట కాస్త సడలించుకోలేకపోయారు. ఇలాంటి ధర్మనిష్ఠను పొగడాలో, దాన్ని తలుచుకుని ఏడవాలో నాకు తోచడం లేదు. రెండూ చేస్తున్నాను.

ఆయన చేసిన ఆఖరి పలకను పైడితల్లి గారు నాకు ఊరికే ఇవ్వబోయారు. ఈ ఏడు కొట్లో పలక ధర ఎంతో అంతా ఆమె చేతిలో పెట్టే తీసుకున్నాను. ఈ వ్యాసం దాని మీదే రాశాను. నేను చదువుతుంటే నా తమ్ముడు కలంతో ఎత్తి రాశాడు. మూడో వరుసకు వచ్చినప్పుడల్లా గంటం పక్కకు జారింది. ప్రతిసారీ ఆగి, వెతుక్కుని, మళ్లీ మొదలుపెట్టాను.

ఆయన మమ్మల్ని కోరింది ఒక్కటే, గుమ్మంలో నిలబడి దెబ్బలాడమని. నేను డబ్బిచ్చి కొన్నదాన్ని. "ఏటి మేస్త్రీ, మీకు కళ్లు కనబడడం లేదు, పదండి అద్దాలకి" అని దెబ్బలాడే హక్కు నాకు ఏడాది పాటు ఉండింది. ఒక్కసారి మెల్లగా అడిగి ఊరుకున్నాను.