మా ఇంటి నిశ్శబ్దం చెడగొట్టిన తోడత్త

మా తోడత్త చెయ్యి పట్టుకుని పిల్లల్ని కన్నవాళ్లంతా ఒకేసారి రోడ్డెక్కితే ఊళ్లో బస్సులు మూడు రోజులు కదలవు. ఆ పిల్లలు కూడా వెంట వచ్చారంటే ఇక రైళ్ల సంగతి దేవుడెరుగు. లెక్క మీరు అడగకూడదు, నేను చెప్పకూడదు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడక, పెద్ద మనసు చేసుకుని బడిని ఆయనకే వదిలేసి వచ్చినవాణ్ణి.

ఆవిడ నాకు సొంత మేనత్త. డాక్టరు కాదు, నర్సు కాదు, మంత్రసాని అసలే కాదు. నొప్పులు మొదలైనప్పటినుంచి బిడ్డ పాలకు అలవాటు పడేదాకా తల్లి పక్కన ఉండటమే ఆవిడ పని. "ఇంతకీ నువ్వేం చేస్తావత్తా?" అని అడిగితే "తోడుంటాను" అనేది. పేరు అలా పడిపోయింది. ఆవిడ గోధుమరంగు చేతిసంచిలో ఒక రబ్బరు బంతి, ఉన్ని మేజోళ్లు, చిన్న తువ్వాలు, వంచితే వంగే స్ట్రాలు ఉండేవి. బంతితో నడుము రుద్దేది, స్ట్రాతో పడుకున్నవాళ్ల చేత నీళ్లు తాగించేది. నొప్పుల్లో ఎందరెందరో పట్టి పిండేసిన ఆ కుడిచేతి చిటికెనవేలు ఇప్పటికీ పక్కకే చూస్తుంటుంది.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించి సంచి అలమరా ఎక్కింది. నాకు మాత్రం ఆవిడ అనగానే మేడమీది ఆ రెండు గదుల అద్దెయిల్లు గుర్తొస్తుంది. ఆకుపచ్చ పరదా, కదిలితే కిర్రుమనే ఇనపమంచం, దానిమీద నాలుగు రోజుల నా కూతురు.

మా ఆవిడ పురుడు మూడు వారాలు ముందే ముంచుకొచ్చింది. తోడత్త అప్పటికే మాట ఇచ్చిన మరో ఇంట్లో ఉండిపోయింది. ఆవిడ లేకుండానే కానిచ్చాం. పైగా ఏం పిల్లండీ! ఏడవదు. పాలకని పేచీ లేదు. బిగించి చుట్టి పడుకోబెడితే గంటలకు గంటలు బొమ్మలా నిద్ర. దాని నిద్ర చెడకూడదని కాలింగ్ బెల్ తీగ పీకేశాను. మా అమ్మ గిన్నెల కింద గుడ్డ పరిచి తోమేది. కింది వాటా ఆయనకు తుమ్మొస్తే వీధిలోకెళ్లి తుమ్మమని నేనే బతిమాలాను.

నాలుగో రోజు పొద్దున తోడత్త వచ్చింది. గుమ్మంలోనే ఆగి చెవి ఒగ్గింది.

"ఏంట్రా, పసిపిల్ల ఉన్న ఇల్లేనా ఇది?"

"మెల్లిగా అత్తా! నా కూతురు అందరిలాంటిది కాదు. బంగారం."

"నిన్నటినుంచి ఎన్ని గుడ్డలు తడిపింది?"

"ఒకే ఒక్కటి!" ఛాతీ విరుచుకుని చెప్పాను. "అంత శుభ్రం!"

అత్త నవ్వలేదు. చేతులు కడుక్కొచ్చి పిల్ల అరికాలు నిమిరింది. పిల్ల కళ్లు తెరవలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది. అది మూలిగి ఊరుకుంది.

"పద ఆస్పత్రికి. ఇది నేను చెప్పాల్సింది కాదు, డాక్టరమ్మ చెప్పాలి."

డాక్టరమ్మ బరువు తూచి, పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, నా బంగారం గొప్పల మీద చన్నీళ్లు పోసింది. అది బుద్ధిమంతుల నిద్ర కాదట, పాలు చాలని నీరసమట. ముందే పుట్టినవాళ్లు ఒక్కోసారి ఆకలేసినా లేవరట, మనమే లేపాలట. "రెండు గంటలకోసారి లేపి తల్లిపాలు పట్టండి. రేపు ఇదే వేళకు తీసుకురండి. బరువు పెరగకపోతే చేర్చుకుంటాను" అంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ మంచం అంచున కూలబడింది. "నాకు పాలే లేవేమో అత్తయ్యగారూ. మూడు రోజులు పస్తు పెట్టేశాను దాన్ని."

"ఉన్నాయో లేవో చూద్దాం. ముందు నీళ్లు తాగమ్మా" అంటూ అత్త స్ట్రా అందించింది. పిల్ల చుట్టు విప్పించింది, చొక్కా విప్పించింది, ఒక్క గోచీగుడ్డతో తల్లి గుండెలకు ఆనించి పైన దుప్పటి కప్పింది. ఎక్కడ, ఎలా నొక్కాలో మా ఆవిడకే నేర్పింది. చెంచాలో పసుపుపచ్చ పాలచుక్కలు ఒక్కొక్కటే పడ్డాయి.

"ఇదేంటి మరి? నా చెమటా?"

మా ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది.

తర్వాత అత్త మా మీద పడింది. "వదినా, ఆ గుడ్డ తీసెయ్, గిన్నెలు మోగనీ. ఒరేయ్, బెల్లు తగిలించు. తగిలించి, వచ్చి ఇక్కడ కూర్చుని వాగు."

"ఏం వాగను?"

"ఇన్నాళ్లూ ఎవరినైనా అడిగే వాగావా?"

వాగాను. నేను ఒంటిచేత్తో ఆపిన లారీ కథ, నన్ను చూడగానే మొరగటం మానేసి సన్యాసం పుచ్చుకున్న కుక్క కథ. పిల్ల మగతలోకి జారినప్పుడల్లా తడిగుడ్డతో అరికాళ్లు తుడవమనేది అత్త. నోరు వెడల్పుగా తెరిచినప్పుడే దగ్గరకు లాక్కోమనేది. తను మాత్రం పిల్లను ఎత్తుకోలేదు. "నేను పట్టుకుంటే నా చేతులకే వస్తుంది ఆ పని. ఎల్లుండి నేనుండను కదమ్మా" అంది.

మధ్యాహ్నం లారీని మూడోసారి ఆపుతుంటే "నోర్ముయ్" అంది. ఆగాను. మంచం దగ్గర 'గుటుక్'మని చిన్న చప్పుడు. కాసేపటికి ఇంకోటి. ఆ వెంటనే మరోటి. మా ఆవిడ కదిలితే ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి నావైపు చూసింది. ఇప్పుడు ఆ పిల్ల నోటికి మా ఇంట్లో ఎదురు చెప్పగలవాళ్లు లేరు. అయినా అది మంచినీళ్లు తాగుతుంటే నాకు తెలియకుండానే చెవి అటు పోతుంది.

మర్నాడు అదే వేళకు పిల్లను తూకం పళ్లెంలో పెట్టారు. ముల్లు దూకిన దూకుడికి డాక్టరమ్మ కళ్లజోడు ఎగిరి పడింది. పెరిగింది కిలోకి తక్కువ లేదు! మా ఆవిడ బల్ల పట్టుకుని భోరుమంటే, నేనే రాయిలా నిలబడి ధైర్యం చెప్పాను. చేర్చుకోనక్కర్లేదు, ఇలాగే పట్టండి అని పంపేశారు.

మొన్న ఇదంతా రాసుకెళ్లి అత్తకు చదివి వినిపించాను. కిటికీ పక్క కుర్చీలో కళ్లు మూసుకుని ఆసాంతం విని, కళ్లు తెరవకుండానే అంది:

"కిలో కాదు, ముప్పై గ్రాములు. ముల్లు దూకలేదు, కాస్త జరిగింది. బల్ల పట్టుకుని ఏడ్చింది మీ ఆవిడ కాదు, నువ్వు."