ఆయన ముందు, నేను వెనక

మండపేట బజార్లో మా వారు ఎప్పుడూ నాకంటే నాలుగడుగులు ముందే నడుస్తారు. పెళ్ళికెళ్ళినా అంతే, ఆసుపత్రికెళ్ళినా అంతే. పక్కపక్కన నడిస్తే అందరూ చూస్తారని ఆయన బిడియం. కిరాణా కొట్టువాళ్ళం కదా, "ఏంటండీ షావుకారు గారూ, జంటగా బయల్దేరారు" అని ఎవరో ఒకరు ఆటపట్టించకుండా ఉండరు. ఆయన గుండెకి స్టెంటు వేసినప్పట్నుంచి ఆ నాలుగడుగులంటే నాకు భయం పట్టుకుంది. వెనకనుంచి చూస్తే వీపు తప్ప ఏం కనపడుతుంది? మొహం పాలిపోయిందో, నొప్పికి పళ్ళు బిగబట్టారో, ఏం తెలిసేడుస్తుంది? ఆయన కాస్త ఆగి చెప్పు సర్దుకున్నా నా గుండె ఆగినంత పనయ్యేది.

డాక్టరు గారేమో రోజూ నడవమన్నారు. బజార్లో నడిస్తే అడుగుకో పలకరింపు, పలకరింపుకో టీ. అందుకని వీలు చిక్కినప్పుడల్లా కొట్టుకి తాళం వేసి, బస్సెక్కి, మమ్మల్నెవరూ ఎరగని పల్లెలో దిగి గట్లమ్మట నడవడం మొదలుపెట్టాం. "కారుండగా ఈ కాళ్ళరగదీసుకోవడం ఏం సరదా అక్కా?" అని మా తోడికోడలు పగలబడి నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందమ్మా అన్నాను.

ఇంట్లో మా కబుర్లు గ్యాస్ బండ దగ్గర మొదలై చింతపండు లోడు దగ్గర ఆగిపోతాయి. చేలగట్టు మీద అలా కాదు. పెళ్ళిచూపుల్లో నా మొహం చూడ్డానికి భయమేసి నేల చూపులు చూశానని ఆయన చెప్పింది అక్కడే, ఇన్నేళ్ళకి! మనుషులు లేని చోట ఆయన వచ్చి నా పక్కనే నడిచేవారు. దూరాన సైకిలు కనపడిందా, మళ్ళీ ముందుకి పరుగు. ఈ వయసులో మనల్నెవరు చూస్తారండీ అంటే వినరు. ఆ కాస్త పక్కన నడక కోసమే నేను సంచీ సర్దేదాన్ని.

మొన్న వేసవిలో కోనసీమ చివర, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లెకి వెళ్ళాం. అప్పటికి కాలువలు కట్టేశారు. మావైపు వాళ్ళకి ఆ మాట చాలు. ఆనకట్ట దగ్గర నీళ్ళాపేస్తే మళ్ళీ వదిలేదాకా చుక్క రాదు, కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. పొద్దున్నే నడుస్తుంటే ఓ పాయ అడ్డమొచ్చింది. పాదాలు తడిసేటన్ని నీళ్ళు. అవతల సరుగుడు తోట, ఇసుక, మనిషన్నవాడు లేడు. "కాలువలు కట్టేశారుగా, ఇంక నీళ్ళెక్కణ్ణుంచొస్తాయి?" అన్నారాయన. నిజమే కదా అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కాలువ గట్టున బతికినవాళ్ళం, నీళ్ళ సంగతి మాకొకరు చెప్పాలా!

సరుగుడు నీడలో పులిహోర తిన్నాం. ఆయన నా పక్కనే తువ్వాలు పరుచుకుని కునుకు తీశారు. తిరిగొచ్చేసరికి పాయ నిండుగా ఉంది. పొద్దున మేం తొక్కిన బురద ఎక్కడుందో కూడా తెలియలేదు. "లాకులెత్తి కాలువకి నీళ్ళొదిలేసినట్టున్నారు. ఇంకా పెరుగుతాయి. ఇప్పుడే దాటెయ్యాలి" అన్నారు. అవునో కాదో ఆలోచించేలోపే నీళ్ళలోకి దిగిపోయారు. ఎప్పటిలాగే ముందు.

నాకు ఈత రాదు. మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. చీర కాళ్ళకి చుట్టుకుని లాగుతోంది. కాలు జారి తూలితే గుక్కెడు నీళ్ళు నోట్లోకి పోయాయి. ఉప్పు. కటిక ఉప్పు. "ఏవండీ, ఇది కాలువ నీళ్ళు కాదండీ! సముద్రానికి పోటొచ్చింది!" అని అరిచాను. గట్టునే కూర్చునుంటే కాసేపటికి వాటంతటవే తగ్గిపోయే నీళ్ళు! లాకులైతే కట్టగలరు గానీ సముద్రాన్ని కట్టేదెవరు? వెనక్కి చూస్తే ఒడ్డు దూరం, ముందూ అంతే దూరం.

సరిగ్గా అప్పుడే ఆయన ఆగిపోయారు. కుడిచెయ్యి ఎత్తి గుండె మీద పెట్టుకున్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వీపే కనపడుతోంది. పిలిస్తే పలకరు. వెంకన్నకి మొక్కాను, ఆ నోటితోనే ఈయన్ని తిట్టాను. నన్నిక్కడ వదిలేసి పోతే ఊరుకోను, చెబుతున్నా అని గొంతు చించుకున్నాను. ఏడుస్తూ, తూలుతూ వెళ్ళి భుజం పట్టి ఇటు తిప్పాను.

మొహం బాగానే ఉంది. చెయ్యి ఉన్నది చొక్కా జేబు మీద. నొప్పొస్తే నాలిక్కింద పెట్టుకునే మాత్రలు ఆ జేబులోనే ఉంటాయి, వాటిని జేబుతో సహా పైకెత్తి పట్టుకున్నారు. ఒక కాలితో ముందు లోతు చూస్తున్నారు.

"పలకరేంటండీ! చచ్చిపోయారనుకున్నాను!"

"మాత్రలు తడిసిపోతే ఎలాగే? నాకిక్కడేమన్నా అయితే నిన్ను గట్టెక్కించేదెవరు?" ఒక అడుగు పక్కకి జరిగి నాకు దారిచ్చారు. "నువ్వు ముందు నడువు."

"నేనా?"

"వెనక నువ్వు ఉన్నావో మునిగిపోయావో తెలీక ఇందాకట్నుంచి చస్తున్నాను. తిరిగి చూద్దామంటే కాలు నిలవట్లేదు. ముందుంటే కనపడతావు."

నా జబ్బ పట్టుకున్నారు. నేను కాలితో తడుముకుంటూ ఒక్కో అడుగే వేశాను. నీళ్ళు గుండెల దాకా వచ్చి, అక్కడే కాసేపుండి, మెల్లగా నడుం కిందకి దిగాయి. ఒడ్డున తాటాకు పాకల దగ్గర ఆడవాళ్ళు పనులు మానేసి మావంకే చూస్తున్నారు. ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మేం దాదాపు గట్టెక్కేశాం, నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, ఆయన నా జబ్బ పట్టుకునే ఉన్నారు.

"జనం చూస్తున్నారండీ" అన్నాను.

"చూడనీ" అన్నారు.