ఒకటో నంబరు టిక్కీ

కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిస్తే ముందు చలి తగులుతుంది, వెంటనే ఘాటు. మొన్న గుంటూరులో మా తమ్ముడి మిర్చి బయటికి తీయించడానికి తోడు వెళ్లి, గుమ్మంలోనే తుమ్ముల మీద తుమ్ములు తుమ్మాను. కళ్లు తుడుచుకుంటుంటే వసుంధర మేడం గుర్తొచ్చారు. ఇంటర్లో మాకు లెక్కలు చెప్పేవారు. కూరలో పచ్చిమిరపకాయ కనిపిస్తే ఏరి పక్కన పెట్టే మనిషి, మాకు అనంతం గురించి చెప్పడానికి మాత్రం మిర్చి బస్తాలనే ఎంచుకున్నారు. వాటిని మావైపు టిక్కీలంటాం.

"ఎంత పెట్టినా నిండని కోల్డ్ స్టోరేజీ ఉందనుకోండి. పదకొండు గంటలకు ఒకటి నుంచి పది నంబర్ల టిక్కీలు లోపల పెట్టి, ఒకటోది బయటికి తీశాం. పదకొండున్నరకు ఇంకో పది పెట్టి, రెండోది తీశాం. మిగిలిన టైములో సగం గడిచేసరికి ఇంకో పది లోపలికి, మూడోది బయటికి. ఇలా సగంలో సగం, అందులో సగం, ఆగకుండా. పన్నెండింటికి లోపల ఎన్నుంటాయి?"

"లెక్కలేనన్ని మేడం! పది పెట్టి ఒకటేగా తీస్తున్నాం" అని క్లాసంతా అరిచింది.

"అయితే ఒక్కదాని నంబరు చెప్పండి."

"యాభై ఏడు" అన్నారెవరో.

"అది యాభై ఏడోసారి బయటికి పోయిందిగా!"

ఏ నంబరు చెప్పినా అంతే, పన్నెండు గంటలలోపే దాని వంతు వచ్చేసింది. లోపల ఒక్కటీ లేదు. అదే, ప్రతిసారీ కొత్త పదిలో ఆఖరుదాన్ని, అంటే పదిని, ఇరవైని, ముప్పైని తీస్తూ పోతే ఒకటో నంబరు ఎప్పటికీ లోపలే ఉంటుంది, దానితోపాటు లెక్కలేనన్ని. రెండు పద్ధతుల్లోనూ తీసింది ఒక్కొక్కటే. ఏది తీశామన్నదే తేడా. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఉన్న లెక్కలే రాక ఏడుస్తుంటే ఇదొకటా అనుకున్నాను.

ఆ సాయంత్రమే మేడంతో చెప్పడానికి స్టాఫ్ రూముకు వెళ్లాను. లెక్కలు మానేసి వేరే గ్రూపుకు మారడానికి నాన్న ఒప్పుకున్నారు. మర్నాడు ప్రిన్సిపాల్‌కు చెప్పడమే మిగిలింది.

"రోజుకు పది డౌట్లొస్తే ఒకటి తీరుతుందండి. నావల్ల కాదు."

"తీరేది ఏదమ్మా?"

"ఆ రోజు పాఠంలోదేనండి."

"అంటే తలుపు దగ్గర టిక్కీనే లాగుతున్నావు. మూలనున్న ఒకటో నంబరు సంగతేంటి?"

చెప్పడానికి సిగ్గేసింది. "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందండి?" ఏడో తరగతిలో అడిగితే అందరూ నవ్వారు. అప్పటినుంచి బట్టీ పట్టి నెట్టుకొస్తున్నాను.

మేడం నవ్వలేదు. "మైనస్ మూడుని రెండుతో గుణిస్తే?"

"మైనస్ ఆరు."

"ఒకటితో?"

"మైనస్ మూడు."

"సున్నాతో?"

"సున్నా."

"మెట్టు దిగినప్పుడల్లా మూడు పెరుగుతోంది, చూశావా? ఇంకో మెట్టు దిగు."

"మైనస్ ఒకటితో... ప్లస్ మూడు!" గట్టిగా అరిచేశాను. పక్కన పేపర్లు దిద్దుతున్న సారు ఉలిక్కిపడ్డారు.

"రేపు రెండోది పట్రా" అన్నారు మేడం.

గ్రూపు మారలేదు. ఇప్పుడు నేనూ లెక్కలే చెబుతున్నాను. క్లాసులో చేతులు లేస్తే, ముందు పాత ప్రశ్న ఎవరి దగ్గరుందో అడుగుతాను. తీరేవాటికంటే వచ్చేవే ఎక్కువ, అయినా ఆ పద్ధతి మానలేదు.

మేడం పోయారు. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి, అప్పటికి ఏది తోస్తే దాని గురించే మాట్లాడాను. ఆ రోజు ఆ టిక్కీల లెక్క నా ముఖం చూసే ఎత్తుకున్నారా అని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమెను అడగాలనుకున్నవాటిలో అన్నిటికన్నా పాతది అదే.