నల్లోడి కాళ్లు కడిగాను

కోకాపేటలో మా గది ముందుండే కుక్క పేరు నల్లోడు. పక్కన కడుతున్న బిల్డింగు దగ్గర పచ్చి సిమెంటులో తిరిగి పాదాలు ఎర్రబడి, ఒకటే నాక్కుంటున్నాడు. కడుగుదామని గోరువెచ్చని నీళ్లు తెస్తే మా నాయనమ్మ వాకిలి గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ గడప పక్కన నీళ్ల గోలెం ఉండేది కదా? కాళ్లు కడగనిదే ఎవరికీ లోపలికి దారి లేదు. చేనుకెళ్లి వచ్చిన మా కుక్కకూ అంతే. నాయనమ్మ దాని వేళ్ల సందులు కడిగి, పాత చీర ముక్కతో తడి లేకుండా అద్దేది.

నేనూ అలాగే చేస్తుంటే అత్తమ్మ వచ్చి గడపలో నిలబడింది. "కొత్త కోడలివి, కుక్క కాళ్లు పట్టుకుంటవా? నలుగురు నవ్వరా?"

పెళ్లయినప్పటి నుంచి ఆమెకు ఎదురు చెప్పలేదు.

"నవ్వనియ్ అత్తమ్మా. కాళ్లు కడిగిన, ఇగ వీడు లోపలనే పండుకుంటడు" అన్నాను.

నల్లోణ్ణి ఎత్తుకుని ఆమె పక్కనుంచే లోపలికి నడిచాను.