ఒత్తులు రాకముందే పోయిన లాంతర్లు

మా అక్షరాస్యతా సంఘాన్ని మొదలుపెట్టింది పెద్ద చదువులవాళ్లు కాదు. డెబ్బైల చివర్లో కొందరు బొగ్గుగని కార్మికులు, వాళ్ల పిల్లల బడిపంతుళ్లు కలిసి, క్వార్టర్ల మధ్య రేకుల షెడ్డులో పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. నేను చేరేనాటికి అడవి అంచుదాకా కేంద్రాలున్నాయి. మాది కోస్తా నుంచి అశ్వారావుపేట పక్కకు వచ్చి పొలాలు కొన్న కుటుంబం. "కూలోళ్లకు చదువొస్తే రేపు మన పనికి ఎవరొస్తారే?" అన్నాడు మా నాన్న. ఆ మాటకు ఒళ్లు మండే చేరాను.

తొంభైల మొదట్లో ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది. పలకలు, వాచకాలు, లాంతర్లు ఇచ్చి, నడిపే బాధ్యత మా సంఘానికి అప్పగించారు. నాకు అడవిలో ఒక కోయగూడెం వచ్చింది. ఆడవాళ్లు తునికాకు కోసి, కట్టలు కట్టి, వంట ముగించుకుని వచ్చి కూర్చునేవారు. ఇంట్లో మాట్లాడేది కోయ, పలక మీద తెలుగు. సంతలో మాట్లాడే తెలుగు వచ్చినా, అక్షరంతోపాటు పుస్తకాల భాషనూ నేర్చుకోవాలి. వాచకం రాసినవాళ్లకు ఆ సంగతి తట్టనే లేదు.

వాళ్లందరిలో పెద్దామెను అవ్వ అని పిలిచేవాళ్లం. మొదటి వాచకం గుణింతాలతో అయిపోతుంది, ఒత్తులు రెండోదానిలో వస్తాయి. ఒకనాడు అవ్వ కోపంగా వచ్చింది. తల్లాడలో కూతురికి జ్వరమని కబురొస్తే బస్సు కోసం రోడ్డు మీదికి పోయిందట.

"వైరా బస్సయితే చదివిన బిడ్డా. ఇంకోదాని మీద 'త' ఉంది, 'డ' ఉంది, నడుమ అచ్చరం కింద ఏందో ఏలాడుతున్నది. అదేందో తేలేలోపల బస్సు పాయె. ఆ కిందిది జల్దీ చెప్పు నాకు."

"అవి ఒత్తులు అవ్వా. ఈ పుస్తకం అయిపోగానే అవే."

పుస్తకం అయిపోయింది. ఆ వెంటనే, మా ప్రాంతంలో నిరక్షరాస్యులే లేరని ప్రకటన వచ్చింది. సభ పెట్టి మా సంఘం పెద్దలకు శాలువాలు కప్పారు. మర్నాడే గూడేనికి జీపు వచ్చింది. దిగిన అధికారి లాంతర్లు ఎక్కించమన్నాడు.

అవ్వ తన ముందున్న లాంతరును ఒళ్లోకి లాక్కుంది.

"ఏంది సారూ, గిట్ల తీస్కపోతున్నరు?"

"మీ ఊరు పాసైపోయిందమ్మా. అందరూ పేరు రాస్తున్నరు కదా?"

"నా పేరు నాకెర్కే. ఎర్కలేనిది చదువుదామని గదా కూసున్నది! ఒత్తులు ఇంకా రాలే."

అతను నవ్వాడు. డ్రైవరు ఆమె ఒళ్లోంచి లాంతరు తీస్తుంటే గాజు పగిలింది. "జాగ్రత్త, లెక్క చెప్పాలి," అన్నాడు అధికారి. ఆమె చేయి తెగిందేమోనని చూడలేదు. నేను అడ్డం పడితే, మీ పెద్దలతో మాట్లాడుకోమన్నాడు.

మాట్లాడాను. మా అధ్యక్షుడు మెడలో శాలువాతోనే కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు గొడవ చేస్తే రేపు కార్యక్రమం మనకివ్వరమ్మా."

"ఏ కార్యక్రమం సార్? చదువు చెప్పేదా, చెప్పామని చప్పట్లు కొట్టించుకునేదా?"

నేను లేచి బయటికి నడిచాను. షెడ్డు రోజుల నుంచీ సంఘంలో ఉన్న ఒక గని కార్మికుడు ఒక్కడే నా వెంట వచ్చాడు. "మనకు లాంతర్లు ఎవలిచ్చిండ్రమ్మా అప్పట్ల? మన ఇండ్లల్లకెల్లి తెచ్చుకున్నం," అన్నాడు. మర్నాడు తన ఇంటి లాంతరు తెచ్చి గూడెంలో వెలిగించాడు. సంఘం నా పేరు కొట్టేసింది. మేమిద్దరం ఆ ఎండాకాలమంతా రెండో వాచకం చెప్పాం. కొందరు పనుల వెంట పోయి మళ్లీ రాలేదు. అవ్వ చివరి పేజీదాకా వచ్చింది. ల కింద ల పెట్టి చూపించిన రోజు, "గింతేనా? గీ పిసరంత దానికి నన్ను రోడ్డు మీద నిలబెట్టిండ్రా?" అని తిట్టింది.

కొన్నేళ్లకు ఇంకో పేరుతో ఇంకో పథకం వచ్చింది. మా పాత సంఘమే మళ్లీ జీపులో గూడేనికి వచ్చి, అదే మొదటి వాచకం పంచబోయింది. అవ్వ దాన్ని తిరగేసి చూసి చేతికిచ్చేసింది.

"ఇది అయిపోయింది. రెండోది గూడ అయిపోయింది. మూడోది ఉంటె తెండ్రి, లేకుంటె పోండ్రి."

మూడోది లేదు. దాన్ని రాయాలని ఎవరూ అనుకోలేదు.