పన్నెండు బార్లు

1969లో గొడవల వల్ల మా కాలేజీ నెలల తరబడి మూతపడింది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి పేపర్లన్నీ చదివేసినా ఇంకా బోలెడంత పగలు మిగిలేది. అలాంటి ఒక పగలు, ఇంట్లో అలారం గడియారం బాగుచేయించడానికి నారాయణగూడలో ఒక చిన్న దుకాణానికి వెళ్లి గిటార్ పాలబడ్డాను.

ఆ గడియారాలాయన ఒకప్పుడు డాన్సు పార్టీలకు గిటార్ వాయించేవారట. బేరాలు లేనప్పుడు వెనక గదిలో కూర్చుని బ్లూస్ వాయించుకునేవారు. అమెరికాలో నల్లవాళ్లు తమ కష్టాలు చెప్పుకోవడానికి కట్టుకున్న పాటలవి. వింటూ అక్కడే నిలబడిపోయాను.

"నేర్చుకుంటవా తమ్మీ? బారంటే తాళంల ఒక ముక్క, బారుకు నాలుగు దెబ్బలు. గట్ల పన్నెండు బార్లయితే ఒక చుట్టు. గంతే."

ఆ 'గంతే' ఎంత పెద్ద అబద్ధమో వారంలో తెలిసింది. ఉక్కు తీగలకు ఎడమచేతి వేళ్లు బొబ్బలెక్కి, చొక్కా బొత్తాలు పెట్టుకోవాలన్నా ప్రాణం పోయేది. పైగా ఏడో బారుకల్లా లెక్క తప్పేవాణ్ణి.

"కష్టం చెప్పుకునేటోడు గింత తొందరపడతడా? బస్సు పోతున్నట్టు ఉరుకుతున్నవ్," అనేవారు గురువుగారు.

ఇంట్లో చెప్పే ధైర్యం లేక, గురువుగారు ఇచ్చిన పాత గిటార్‌ను ఆయన దుకాణంలోనే ఉంచేవాణ్ణి.

ఒక సాయంత్రం, అశోక్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంటావిడకు తోడుగా కూరగాయల సంచి మోసుకొస్తున్నాను. గురువుగారు ఎదురై సైకిలు ఆపారు.

"ఏం తమ్మీ, నిన్న ఏడు బార్లకే కిందమీద అయినవ్? రేపు జర పెందలాడే రా. పన్నెండు పూర్తయినంకనే ఇంటికి పంపిస్త."

ఇంటావిడ నా చేతిలోంచి సంచి లాక్కుని గబగబా నడిచింది. ఇల్లు చేరగానే నేరుగా మా అమ్మ దగ్గరికి వెళ్లింది.

మర్నాటి నుంచి నేను ఇంటికి రాగానే అమ్మ నాకు గుమ్మంలోనే గ్లాసెడు నిమ్మకాయ నీళ్లు ఇవ్వసాగింది. ఎండలకు అనుకున్నాను. నాన్నగారు దగ్గరికి పిలిచి, ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు ముఖంలో ముఖం పెట్టి, గట్టిగా గాలి పీల్చి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవారు.

నాలుగో రోజు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి నా వెనకే వచ్చారు. నేను ఆరో బారులో ఉండగా గొడుగుతో సహా వెనక గదిలో ప్రత్యక్షమయ్యారు.

"సీసాలు ఎక్కడ దాచారండీ?"

గురువుగారు కంగారుపడి గడియారాలకు వేసే నూనె సీసా చూపించారు.

"చదువుకునే పిల్లాణ్ణి పట్టుకుని పన్నెండు బార్లు తిప్పుతారా? ఏడు బార్లకే పడిపోయాడట కదా!"

విషయం అర్థమయ్యాక గురువుగారు బల్ల పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఆ గోడల్లోకి దూరిపోదామనిపించింది.

"కూసోండ్రి సార్. పన్నెండు గూడ మీ ముందల్నే చూపిస్త," అని గిటార్ అందుకున్నారు.

నాన్నగారు ముళ్ల మీద కూర్చున్నట్టు స్టూలు అంచున కూర్చున్నారు. రెండో చుట్టుకు ఆయన వేళ్లు గొడుగు పిడి మీద కదిలాయి. మూడో చుట్టుకు అరచెయ్యి తొడ మీద పడింది. పెళ్లికి ముందు తెనాలిలో భజనలకు మృదంగం వాయించేవారని నాకు ఆరోజే తెలిసింది.

"తాళం సులువుగానే ఉందే! మరి మావాడు ఎక్కడ పడిపోతున్నాడు?"

"ఉరుకుతడు సార్."

"అన్నం తినడమూ అంతేనండీ," అన్నారు నాన్నగారు విచారంగా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన కూడా వచ్చి తాళం వేసేవారు. వాళ్లిద్దరూ కలిస్తే నన్ను మరిచిపోయేవారు. ఉక్రోషం వచ్చి మానేద్దామనుకున్నాను కూడా. కానీ ఆ అరచేతి చప్పుడు చెవిలో పడుతుంటే నా చెయ్యి నెమ్మదించింది. ఒక ఆదివారం తడబడకుండా పన్నెండూ పూర్తి చేసి, మెచ్చుకుంటారని తలెత్తి చూశాను.

గురువుగారు లేచి, రెండు చేతులతో మా నాన్నగారి చెయ్యి పట్టుకుని ఊపుతూ, "సాధించిన్రు సార్!" అంటున్నారు.