భూతద్దానికి దొరికిన బస్సు

మా ఆయన్ని తెలిసినవాళ్లలో సగం మంది భూతద్దం అంటారు. మిగతా సగం మంది అనేది ఇక్కడ రాయదగ్గది కాదు. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా చిన్న చిన్న బస్సుల, లారీల కిట్ల ముందు కూర్చుంటారు. కిట్టంటే మరేం లేదు, డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు. అన్నీ అతికిస్తే బండి అవుతుంది. ఈయన అతికించరు, అదీ నా ఏడుపు. తనిఖీ చేస్తారు.

ఆ తనిఖీ చూసి తీరాలి. ముక్కను దీపం దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, "ఇది దొంగది" అంటారు. ఎవరో అసలు ముక్క మీద రబ్బరు పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో మళ్లీ పోత పోసి అమ్ముతున్నారన్నమాట. అలాంటి నకలు అసలుకన్నా వెంట్రుకవాసి చిన్నదవుతుందట. మేకుల తలలు అరిగిన సబ్బులా ఉంటాయట. మూలల్లో గాలిబుడగల గుంటలుంటాయట. పాత కిట్టునే కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లకైతే ఈయన పెట్టే శాపనార్థాలు మా అత్తగారికి కూడా రావు. లోపలి చట్రం మీద పాత సంవత్సరాన్ని గీకేసిన మచ్చ చూసి ఇట్టే పట్టేస్తారు. ఇన్నేళ్ల కాపురంలో నేను జుట్టు కత్తిరించుకొస్తే మాత్రం ఒక్కసారీ పట్టలేదు.

బొమ్మల కొట్టాయనతో పగ అలాగే వచ్చింది. ఆయన "కొత్త సరుకు" అని పెట్టిన లారీ డబ్బాను మా ఆయన అందరి ముందూ తెరిచి పరువు తీశారు. అంతటితో ఊరుకున్నారా? బండ్లు కట్టేవాళ్ల సంఘంలో పట్టుబట్టి ఒక నియమం పెట్టించారు. నకలు ముక్క ఒక్కటున్నా సరే, ఆ బండిని ప్రదర్శన బల్ల మీంచి దింపేయాలి. సంఘమంటే ఇంకేదో అనుకునేరు, ఇంట్లో జిగురు కంపు భరించలేక భార్యలు బయటికి తరిమిన మగాళ్లు.

మా పక్కింట్లో డ్రైవరు బాబాయ్ ఉంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకే రకం బస్సు నడిపారు. ఆయన దిగిపోయాక ఆ బస్సులన్నిటినీ తుక్కు కింద కోసేశారు. బాబాయ్ వెళ్లి చూసొచ్చారు. తర్వాత ఆ బస్సు కిట్టు ఎక్కడో దొరికితే, తనే కట్టుకున్నారు. కానీ అందులో రేడియేటర్ ముందుండే జాలీ లేదు. "నాలాగే బోసినోరు" అని నవ్వేవారు. నవ్వినా, ఆ బస్సు ప్రదర్శనలో నిలబడాలని ఆయన ప్రాణం కొట్టుకునేది.

"నా బండిని నలుగురూ ఒక్కసారి చూస్తే చాలమ్మాయ్" అనేవారు నాతో.

సరిగ్గా అదే కిట్టు మా బీరువా మీద ఉంది, సీలు కూడా విప్పకుండా.

"ఆ జాలీ బాబాయ్ గారికి ఇచ్చేయొచ్చుగా?" అన్నాను మా ఆయనతో.

"సీలు తీస్తే ఇంక దాన్ని ఎవరు చూస్తారు?"

"ఇప్పుడు ఎవరు చూస్తున్నారట? దుమ్ము దులిపే నేను తప్ప!"

ఆయన భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ప్రదర్శన దగ్గరపడుతుండగా వెండిలా మెరిసే జాలీ ఒకటి తీసుకెళ్లి బాబాయ్ చేతిలో పెట్టారు. పోనీలే, ఈ రాతి గుండె కూడా కరుగుతుందన్నమాట అని సంతోషపడ్డాను.

ప్రదర్శన రోజున బాబాయ్ బస్సును తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. ఈసారి తనిఖీ వంతు బొమ్మల కొట్టాయనది, ఆయనా సంఘం సభ్యుడే. ఆయన భూతద్దం పట్టుకుని బస్సు ముందు వంగి, అలాగే ఉండిపోయారు. తర్వాత పళ్లికిలించారు.

"గురువుగారూ, మీరొకసారి ఇలా రావాలి."

మేమంతా మూగాం. జాలీ అంచున వెండి రంగు పోయింది. సర్వీసులో ఉన్నప్పుడు బండి ముఖం తుడవందే బాబాయ్ స్టీరింగు పట్టేవారు కాదు. ఈ బుల్లి బస్సునూ రోజూ తడిగుడ్డతో తుడిచారు, రంగు లేచిపోయింది. కింద గులాబీ రంగు, అందులో సన్నటి ఎర్ర నూలుపోగులు. అవి నాకు కొత్తా? ఉతికేటప్పుడు మా ఆయన చొక్కాల్లోంచి ఏరుతూనే ఉంటాను. కట్టుడు పళ్ల చిగుళ్లలో నరాల్లా కనబడాలని కలుపుతారు.

"నకలు! దింపండి" అన్నారు కొట్టాయన.

బాబాయ్ రెండు చేతులూ బస్సు మీద వేశారు.

మా ఆయన ముందుకొచ్చారు. "ఆయనకేం తెలీదు. చేసింది నేను. నా డబ్బా కవరు అడుగున కోసి, అసలుది తీసి అచ్చు పోసుకుని, మళ్లీ లోపల పెట్టి అతికించేశా. ల్యాబులో చిగుళ్ల పొడే ఉంది. రంగేస్తే కనబడదులే అనుకున్నా... ఆగండి, అసలుది ఇప్పుడే తెస్తాను."

"ఆగవోయ్" అన్నారు బాబాయ్. "నా పళ్లెవరు చేశారు?"

"నేనే బాబాయ్."

బాబాయ్ నోట్లో వేళ్లు పెట్టి, పైసెట్టూ కిందిసెట్టూ తీసి బస్సు పక్కన పెట్టారు. అదే గులాబీ, అవే పోగులు. బుగ్గలు లోపలికి పోయి, మాటల్లో సగం గాలే వచ్చింది కానీ అందరికీ అర్థమైంది.

"ఇదీ నకలే. మరి నన్నూ దింపేస్తారా?"

కొట్టాయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఎవరో పకాలుమని నవ్వారు, దాంతో హాలంతా నవ్వింది. మా ఆయన ఒక అట్టముక్క మీద "జాలీ నకలు, చేసింది నేనే" అని రాసి బస్సు ముందు నిలబెట్టారు. ఈ మనిషి మీద నాకు అంత ప్రేమ పుట్టి ఎన్నాళ్లయిందో!

"ఇంటికెళ్లాక ఆ డబ్బా విప్పేద్దామా?" అన్నారు నా చెవిలో.

"ఇంకా విప్పేదేముంది, అడుగునుంచి కోసి పారేశారుగా!"

బాబాయ్ సాయంత్రం దాకా బస్సు పక్కనుంచి కదల్లేదు. వచ్చినవాళ్లందరికీ బోసినోటితో ఏ గేరు ఎలా పడేదో చెప్పారు. భోజనానికి పళ్లు పెట్టుకోమని బతిమాలాను. తల అడ్డంగా ఊపారు.

"నేనవి బల్ల మీంచి తీస్తే, బండిని దింపేస్తారమ్మాయ్" అన్నారు.